ఆశా కార్యకర్త ఇంటికొస్తే టీకాల గురించే కాదు, బిడ్డ తిండి గురించీ అడగండి

అమీర్‌పేట అంటే అందరికీ కోచింగ్ సెంటర్లే గుర్తొస్తాయి. ఆ పక్కనే వెంగళరావు నగర్‌లో మరో శిక్షణ సంస్థ ఉంది: ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ అండ్ ఫ్యామిలీ వెల్ఫేర్. వైద్యారోగ్య సిబ్బందికి శిక్షణ ఇచ్చే రాష్ట్రస్థాయి సంస్థ ఇది. ప్రభుత్వ శిక్షణలు అంచెలంచెలుగా సాగుతాయి. రాష్ట్రస్థాయిలో నేర్చుకున్నవారు జిల్లాల్లో, వారు ఆశాలకు నేర్పుతారు. చివరికి ఆ విద్య చేరాల్సింది మీ గుమ్మం దగ్గరికి.

ఎప్పుడెప్పుడు రావాలి?

ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. 2018లో మొదలైన హెచ్‌బీవైసీ కార్యక్రమం కింద బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలలు నిండినప్పుడు మరో ఐదుసార్లు రావాలి. ఈ ఐదింటికీ కలిపి ఆమెకు దక్కే ప్రోత్సాహకం 250 రూపాయలు. ఎండలో మెట్లెక్కి తలుపు తట్టే మనిషికి ఇది ఏ లెక్కన చూసినా తక్కువే.

వీటిలో కీలకం ఆరో నెల. చాలా ఇళ్లలో అన్నప్రాసన ఘనంగా చేస్తారు. మర్నాటి నుంచి మళ్లీ పాలే, మహా అయితే పప్పు మీద తేరిన నీళ్లు. వాటితో పొట్ట నిండుతుంది కానీ ఎదుగుదలకు సరిపోదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు.

ఏం నేర్పుతారు?

హెచ్‌బీవైసీ శిక్షణ ఐదు రోజులు. ‘ఇది పెట్టమ్మా, అది పెట్టమ్మా’ అని పాఠం ఒప్పజెప్పడం కౌన్సెలింగ్ కాదు. ముందు అడగాలి: నిన్న పొద్దుటి నుంచి పాపకు ఏమేం పెట్టారు, ఎంత తింది, ఎవరు తినిపించారు? తల్లి చెబుతుంటే అడ్డుపడకూడదు. బాగా చేస్తున్నదాన్ని ముందు మెచ్చుకోవాలి. ఆ తర్వాత ఆ ఇంట్లో రేపటి నుంచే కుదిరే ఒకటి రెండు మార్పులే చెప్పాలి. పప్పునీళ్ల బదులు పప్పన్నం మెత్తగా మెదిపి, కాస్త నెయ్యి వేసి పెట్టమనడం అలాంటిదే. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలి. వంటింట్లో మాట చెల్లేది అత్తగారిదైతే ఆమెతోనూ మాట్లాడాలి. అంచెలు దాటేటప్పుడు జారిపోయేది సాధారణంగా ఈ మాట్లాడే నేర్పే. పుస్తకంలోని కొలతలు మాత్రం చెక్కుచెదరకుండా వస్తాయి!

మాటలతో మార్పు వస్తుందా అంటే, వస్తుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్గొండ జిల్లాలోని 60 గ్రామాల్లో 600 మంది తల్లులతో ఒక అధ్యయనం చేశారు. ఊళ్లోని మహిళలకే శిక్షణ ఇచ్చి, బిడ్డకు 3 నెలల నుంచి 15 నెలలు వచ్చేవరకు ఇళ్లకు పంపారు. 2013లో అచ్చయిన ఫలితాల్లో ఈ పిల్లల ఆహారం మెరుగుపడినట్టు తేలింది. కొసరి తినిపించడం, ఆడించడం కూడా నేర్పిన ఇళ్లలో పిల్లల మానసిక వికాసమూ మెరుగ్గా ఉంది. అక్కడ ఒకే తలుపును నెలల తరబడి మళ్లీ మళ్లీ తట్టారు. ఐదు రోజుల శిక్షణ ఇచ్చి వదిలేస్తే అదే ఫలితం ఆశించలేం.

మీరేం చేయాలి?

నగరాల్లో ఆశాలు ప్రధానంగా బస్తీల కోసం. అపార్ట్‌మెంట్‌లో ఉంటే మీ దగ్గరికి రాకపోవచ్చు. అలాంటప్పుడు టీకాకు వెళ్లినప్పుడు పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్‌ఎంను అడగండి. అంగన్‌వాడీలో పేరు నమోదు చేయిస్తే 7 నెలల నుంచి 3 ఏళ్ల వరకు బిడ్డకు నెలకు 2.5 కిలోల బాలామృతం ఇస్తారు. మీ వాచ్‌మన్ ఇంట్లోనో, పనికొచ్చే అమ్మ ఇంట్లోనో చంటిబిడ్డ ఉంటే ఈ విషయం వాళ్లకూ చెప్పండి. ఊరి నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాలకు దగ్గర్లోని అంగన్‌వాడీ ఎక్కడుందో తెలియకపోవచ్చు.

ఆశా వస్తే బిడ్డ బరువు, ఎత్తు చూసి ఎదుగుదల చార్టులో చూపించమనండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు దండచేతి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లలోపు ఉంటే అది తీవ్ర పోషకాహార లోపం. అప్పుడు ఇంటి చిట్కాలతో ఆగకుండా వెంటనే డాక్టర్‌కు చూపించాలి.