ఇరుసు నుండి క్లచ్చి దాకా

నెల్లూరు మండలమునకు పడమటి సరిహద్దుగా వెలిగొండలు నిలిచియున్నవి. ఆ కొండల నీడలో ఉదయగిరి, దానికి ఆగ్నేయముగా పెన్నకు చేరువలో ఆత్మకూరు ఉన్నవి. ఈ సీమ చరిత్ర యనగానే కోటలు, ముట్టడులు జ్ఞప్తికి వచ్చును. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఉదయగిరిని ముట్టడించి, సుమారు ఏడాదిన్నర పోరాడి, 1514లో దానిని గజపతుల నుండి గైకొనెను. అచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు తరలించి 1515లో ప్రతిష్ఠ చేయించెను. అంతటి బరువును అంత దూరము చేర్చుటకు నాడు ఉన్నవి మనుష్యబలము, పశుబలము మాత్రమే. బలమును చక్రమునకు అందించు విద్య అటుపిమ్మట ఎట్లు పెరిగినదో నేడు ముచ్చటింతము.

ఎద్దుబండిలో చక్రమును ఎవరును త్రిప్పరు. ఎద్దులు బండిని లాగగా చక్రము తానే తిరుగును. చక్రపు నాభికిని ఇరుసుకును నడుమ కొంచెము సందు ఉండితీరవలె. లేనిచో కందెన నిలువదు, చక్రము బిగిసికొనును. సందు మితిమీరినచో చక్రము అటునిటు ఊగి, ఇరుసు కడనున్న చీలను అరగదీయును. తగినంత వదులేదో, తగని వదులేదో మన వడ్రంగులు చేతితో చక్రమును కదలించియే గ్రహించెడివారు. మోటారు కారునకును ఇదియే మూలసూత్రము.

మోటారు వచ్చిన పిదప వరుస తలక్రిందులయ్యెను. ఇచట చక్రమే బండిని నడపవలె. పెట్రోలు ఇంజను ఎద్దువలె నిలుకడ నుండి బరువు లాగజాలదు. ముందుగా తాను తిరుగుచుండవలె. కనుక ఇంజనును చక్రములతో కలుపుటకు, విడదీయుటకు ఒక సాధనము కావలసెను. అదియే క్లచ్చి. 1891లో ఫ్రాన్సు దేశపు పనార్, లెవస్సోర్ సంస్థవారు ఇంజనును ముందుంచి, దాని వెనుక క్లచ్చిని, గేర్లను అమర్చు పద్ధతిని నెలకొల్పిరి. ఆనాటి క్లచ్చి తోలు తొడిగిన శంకువు. తటాలున పట్టి బండిని కుదిపెడిది. 1898లో లూయీ రెనో గొలుసులకు బదులు పొడవైన షాఫ్టును వాడెను. చక్రములు ఎగిరిపడునపుడు షాఫ్టు వంగవలె గదా! అందులకై దానికి కీళ్లు పెట్టిరి. తోలు పోయి ఆస్బెస్టాసు వచ్చెను. అది ఊపిరితిత్తులకు హానికరమని తేలుటచే అనేక దేశములు దానిని విడిచిపెట్టినవి.

ఇంగ్లండులో 1959లో వెలువడిన హెరాల్డు కారును 1961 నుండి మద్రాసులోని స్టాండర్డు మోటారు సంస్థవారు తయారుచేసిరి. ఆ హెరాల్డు చట్రమునే కుదించి, 1962లో ఇంగ్లండువారు స్పిట్‌ఫైర్ అను ఇద్దరు కూర్చుండు స్పోర్ట్సు కారును నిర్మించిరి. కనుక మద్రాసు హెరాల్డు అడుగుభాగమెరిగిన పనివానికి ఆ స్పోర్ట్సు కారు అడుగుభాగము కొత్త కాదు. రెండింటిలోను క్లచ్చి మార్చవలెనన్న లోపలి మూతను విప్పి, గేరు పెట్టెను కారు లోపలి నుండియే పైకి తీయవలెను.

ఇట్లు క్లచ్చి మార్పించిన పిమ్మట, పెడలు వదలగానే వెనుక నుండి "ఠక్కు"మని చప్పుడు వినవచ్చుట కలదు. యజమాని పనివానిని నిందించును. పనివాడు డిఫరెన్షియలు మార్చుమనును. ఇద్దరును తొందరపడినవారే కావచ్చును. అరిగిన పాత క్లచ్చి జారుచు మెల్లగా పట్టుటచే వెనుకటి వదులు దాగియుండును. కొత్తది గట్టిగా పట్టగానే ఆ వదులు బయటపడును. గేర్ల పండ్ల నడుమ నూనెకు, వేడికి కొంత సందు అవసరము. ప్రతిచోట ఉన్న కొద్దిపాటి సందును కూడినచో పెద్ద కదలికగా తోచును.

పరీక్ష కష్టము కాదు. మొదట చేయి పడిన చోట్లనే చూడవలె: షాఫ్టు బోల్టులు, గేరు పెట్టె క్రింది రబ్బరు దిమ్మలు. తరువాత ఇంజను ఆపి, చక్రములకు అడ్డులు పెట్టి, కారును గట్టి ఆధారముపై నిలిపి, చేతిబ్రేకు బిగించి, గేరు తప్పించి, షాఫ్టును చేతితో అటునిటు త్రిప్పవలె. కీలు ఒక వైపు కదలి రెండవ వైపు కదలకున్న, ఆ కీలు అరిగినది. కీళ్లు బిగువుగా నుండి షాఫ్టు మొత్తము కొంత తిరిగి ఆగినచో, ఆ వదులు డిఫరెన్షియలుది, చక్రముల షాఫ్టులది. పిమ్మట పై గేరు వేసి చూచిన గేరు పెట్టె వైపు వదులు తెలియును. ఏ భాగమును కొనకముందే ఇంతయు తెలియును.

ఇది ఖర్చు మాట మాత్రమే కాదు. ఆత్మకూరు నుండి మర్రిపాడు మీదుగా బద్వేలు పోవు మార్గము వెలిగొండలను దాటును. వదులైన బోల్టు ఊడి షాఫ్టు జారినచో, ఎగువ దారిలో ఇంజను తిరుగుచున్నను చక్రమునకు బలమందదు. దిగువ దారిలో ఇంజను బిగువు తప్పి భారమంతయు బ్రేకులపై పడును. కావున మరమ్మతు ముగిసిన వెంటనే కొండ దారి పట్టక, ఊరిలో కొన్ని మైళ్లు నడపి, బోల్టులను మరల సరిచూపించుకొనుట మేలు.