బిగ్‌ఫుట్ దగ్గర ఎందుకంత కంపు?

మన ఊళ్ళలో దయ్యం వస్తే మల్లెపూల వాసన వస్తుంది, గజ్జెల చప్పుడు వినిపిస్తుంది. అమెరికా అడవుల్లో తిరుగుతుందని చెప్పే బిగ్‌ఫుట్ వస్తే మాత్రం కుళ్ళిన మాంసం కంపు, తడిసిన కుక్క కంపు, మురుగుకాల్వ కంపు. ఫ్లోరిడా వాళ్ళయితే తమ దానికి 'స్కంక్ ఏప్' అనే పేరు పెట్టుకున్నారు. స్కంక్ అంటే తోక కిందనుంచి భరించలేని గబ్బు ద్రవం చిమ్మే చిన్న జంతువు.

ఈ మధ్య ఒక మిత్రుడు నాతో వాదనకు దిగాడు. "అడుగుజాడలు చెక్కతో చెయ్యొచ్చు, ఫొటోలు మార్చొచ్చు. అడవిలో అంత కంపు ఎవరు పుట్టిస్తారు? అంతమందీ అబద్ధాలాడతారా?" అన్నాడు. అప్పటికి నవ్వేసి వచ్చేశాను. తర్వాత ఆలోచిస్తే నవ్వు జవాబు కాదనిపించింది.

అడుగుజాడల గురించి అతను ఒప్పుకున్నది నిజమే. 1958లో ఉత్తర కాలిఫోర్నియాలోని బ్లఫ్ క్రీక్ దగ్గర రోడ్డు పనివాళ్ళకు పెద్ద పెద్ద జాడలు కనబడ్డాయి. బిగ్‌ఫుట్ అనే పేరు పత్రికలకెక్కింది అప్పుడే. ఆ రోడ్డు కాంట్రాక్టరు రే వాలెస్ 2002లో చనిపోయాక ఆయన కుటుంబం వాళ్ళే చెక్క పాదాలు బయటపెట్టారు. మరి కంపు?

నమ్మేవాళ్ళు గొరిల్లాను చూపిస్తారు. ఎదిగిన మగ గొరిల్లా చంకల్లో వాసన గ్రంథులుంటాయి, అది బెదిరితే ఘాటైన వాసన వస్తుంది, బిగ్‌ఫుట్‌కీ అలాంటివే ఉండొచ్చు అంటారు. గొరిల్లా సంగతి నిజమే. కానీ గొరిల్లా ఉంది, చూశాం, కొలిచాం. బిగ్‌ఫుట్ శవం గానీ ఎముక గానీ ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఉన్న జంతువుల్లో వెతికితే ముందు తగిలేది ఎలుగుబంటి. అమెరికా నల్ల ఎలుగు వెనక కాళ్ళమీద నిలబడుతుంది, చచ్చిన జంతువుల్ని తింటుంది, కళేబరం మీద పొర్లుతుంది కూడా. తడిసిన ఆ బొచ్చు ఎలా కంపుకొడుతుందో ఊహించుకోండి. ఫ్లో ఫాక్సన్ అనే పరిశోధకుడు 2024లో రాష్ట్రాలవారీ లెక్కలు తీశాడు. జనాభా, అడవి విస్తీర్ణం తేడాలు సరిచేశాక కూడా, ఒక రాష్ట్రంలో వెయ్యి ఎలుగులు ఎక్కువుంటే బిగ్‌ఫుట్ 'దర్శనాలు' సుమారు 4 శాతం ఎక్కువున్నాయి. 2014లో బ్రయన్ సైక్స్ బృందం రకరకాల 'వింత మనుషుల' వెంట్రుకలు పరీక్షించింది. ఎలుగు, ఆవు, గుర్రం, కుక్క జాతివి వచ్చాయి, ఒకటి మనిషిది.

అన్నిటినీ ఎలుగు మీదికి నెట్టడం కూడా సోమరితనమే. ఫ్లోరిడా చిత్తడి నేలల్లో ఆకులు కుళ్ళి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, కుళ్ళిన గుడ్ల వాసన. పశ్చిమ తీరపు తడి అడవుల్లో వసంతం మొదట్లో స్కంక్ క్యాబేజీ అనే మొక్క పూసి గబ్బుకొడుతుంది. అక్కడ స్కంకులూ ఉన్నాయి. అంటే కంపు నిజమే అయి ఉండొచ్చు. దాని పక్కన నీడ కనబడేసరికి రెంటినీ ఒకే ముడి వేశారు.

కథకు మన దేశంతో కూడా కొంచెం చుట్టరికం ఉంది. 1921లో హోవార్డ్-బరీ ఎవరెస్టు యాత్ర బృందం మంచులో జాడలు చూసింది. కూలీలు వాటిని 'మెతో కాంగ్మీ'వి అన్నారు. మనిషి-ఎలుగు, మంచు మనిషి అని ఆ మాటలకు అర్థం చెబుతారు. కలకత్తా స్టేట్స్‌మన్‌కు రాసే హెన్రీ న్యూమన్ మాత్రం 'మెతో' అంటే మురికి అనుకుని, దాన్ని ఇంకొంచెం పెంచి 'అబామినబుల్ స్నోమాన్', అంటే అసహ్యమైన మంచు మనిషి అని రాశాడు. ఎలుగు కాస్తా మురికైపోయింది! 1957-59లో నేపాల్లో యతి కోసం యాత్రలకు డబ్బు పెట్టిన టెక్సస్ చమురు వ్యాపారి టామ్ స్లిక్, ఆ వెంటనే కాలిఫోర్నియాలో బిగ్‌ఫుట్ వేటకూ పెట్టాడు. బిగ్‌ఫుట్ కంపంతా ఆ ఒక్క మాటలోంచే వచ్చిందని నేననను. కానీ మురికిదని ముందే పేరుపడ్డ ప్రాణిని వెతికేవాడి ముక్కు ఊరుకుంటుందా?

ఊరుకోదని 1899లోనే వ్యోమింగ్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ స్లాసన్ చూపించాడు. సీసాలోని ఉత్త నీళ్ళు దూది మీద పోసి, ఇది ఘాటైన రసాయనం, వాసన తగిలినవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు. ఒక్క నిమిషంలో ముప్పాతిక మంది చేతులెత్తారు. ముందు వరుసలో కొందరు ఇబ్బందిపడి లేచిపోబోతుంటే ఆపాల్సి వచ్చింది.

ఒక స్కూల్లో మూఢనమ్మకాల మీద మాట్లాడటానికి వెళ్ళినప్పుడు నేనూ ఇది చేసి చూశాను. చాలా చేతులే లేచాయి. ఉత్త నీళ్ళే అని చెప్పగానే పిల్లలు పడిపడి నవ్వారు. మొదటి బెంచీలో చెయ్యెత్తిన అమ్మాయి మాత్రం నవ్వలేదు. అందరూ వెళ్ళాక నా దగ్గరికి వచ్చి, "నేను అబద్ధం చెప్పలేదు సార్. నాకు నిజంగానే వచ్చింది" అంది. కళ్ళలో నీళ్ళు. నాకు తెలుసమ్మా అన్నాను. నా మిత్రుడికి ఈసారి కలిసినప్పుడు ఆ పిల్ల సంగతే చెబుతాను.