తపతీతీరమున పడుగుపేకలు

కష్టసుఖములను గూర్చి మన కవులు చెప్పినంతగా మఱి దేనిని గూర్చియు చెప్పియుండరు. కావడికుండలు, ఎండనీడలు, పగలురేలు అని ఉపమానములకు కొదువ లేదు. అయినను వీనిలో ఒక లోటు కలదని నాకు తోచును. సుఖము పోయి కష్టము వచ్చుననియో, కష్టము పోయి సుఖము వచ్చుననియో, కాకున్న రెండును చెరియొక ప్రక్క వ్రేలాడుననియో ఇవి చెప్పును. ఒకే కారణము, ఒకే కాలమున, ఒకే యింట రెండింటిని పుట్టించినప్పుడు మనుష్యుడు నిలద్రొక్కుకొను విధము మాత్రము చెప్పవు. ఈ ఆలోచన నాకు వేదాంతగ్రంథములవలన గాక, సూరతులో స్థిరపడిన తెలుగు నేతగాండ్ర చరిత్రవలన కలిగినది.

ప్రాతనగరపు ఉధనా దర్వాజాను దాటి దక్షిణముగా పోయినచో ఖటోదరా వచ్చును. ఒకనాటి పల్లె, నేడు కార్ఖానాల పేట. అచటినుండి ఉధనా, లింబాయతుల దాక సాగు ఆ పారిశ్రామిక ప్రాంతమున మరమగ్గముల చప్పుడు వినబడుచునే యుండును. ఆ చప్పుడులో తెలుగుమాటయు కలదు. నల్లగొండ, వరంగల్లు, కరీంనగరము జిల్లాల పద్మశాలీలు బ్రతుకుతెరువు వెదకుకొనుచు షోలాపురము, బొంబాయి, భివండీలకు పోయిన త్రోవయే ఇచటికి కూడ వచ్చి చేరినది. మార్కండేయుని కుమారుడైన భావనాఋషి తామరతూళ్ల పోగులతో దేవతలకు బట్ట నేసెనని వారి కులగాథ. పదునారేండ్ల ఆయుర్దాయముతో పుట్టి యమపాశమునుండి బయటపడిన బాలుని వంశమని చెప్పుకొనువారికి కష్టసుఖముల సంగతి మనము నేర్పవలసినది లేదు.

సూరతునకును తెలుగుతీరమునకును గల సంబంధము క్రొత్తది కాదు. ఇంగ్లీషు వర్తకులు 1611లో మచిలీపట్టణమునను, 1613లో సూరతునను కోఠీలు నెలకొల్పిరి. ఒకటి తూర్పుకడలికి వాకిలి, మఱియొకటి పడమటికడలికి. 1630-32 నడుమ గుజరాతును ఘోరక్షామము పట్టెను. నేతగాండ్రు అసంఖ్యాకముగా మడిసిరి, మిగిలినవారు చెల్లాచెదరైరి. అంతట వర్తకుల చూపు మన తీరపు వస్త్రములమీదికి మరింతగా మరలెను. అచటి శ్మశానము ఇచటి బేరమైనది. దీనిని సమతౌల్యమనవచ్చునా? కోఠీవారి లెక్కల పుస్తకములో అనవచ్చును.

తరువాత సూరతు పడిన దెబ్బలు పెక్కు. 1664లోను 1670లోను శివాజీ సేనలు నగరమును దోచినవి. 1837లో మొదట అగ్ని వేలయిండ్లను దహించెను. అదే యేడు తపతి పొంగి మిగిలినదానిని ముంచెను. ఆ ఊరివాడే నర్మదాశంకర్ దవే (1833-1886), లోకము నర్మద్ అని పిలుచు గుజరాతీ కవి. కలమునే నమ్ముకొని బ్రతుకుదునని 1858లో ప్రతిన పట్టి, 24 ఏండ్లు లేమితో పెనగులాడి, 1882లో ఉద్యోగమునకు ఒప్పుకొనెను. దీనిని ఓటమి అనువారు కలరు. రచయితలమగు మనము ఆ మాట అనుటకు కొంచెము జంకవలెను. ప్రీతియైన పనిని పొట్టకొఱకు విడుచుకొన్నవాని లెక్కలో కష్టమెంతో సుఖమెంతో బయటివారు తేల్చజాలరు. నేతగాని కథయు ఇట్టిదే.

గుంటమగ్గమునొద్ద నేత ఇంటిల్లిపాదికి పని. ముసలివారు పడుగు సిద్ధము చేయుదురు, స్త్రీలు కండెలు చుట్టుదురు, పురుషుడు నాడె ఆడించును. కూలి స్వల్పమే, కాని వేళ తనది, ఇల్లు తనది. మరమగ్గము వచ్చి ఆ స్వల్పమును ఇంకను తగ్గించెను. చౌకయైన సూరతుచీర తెలంగాణపు సంతలకు వచ్చి ఊరి నేతచీరను ప్రక్కకు త్రోసెను. 1991లో ఆంధ్రప్రదేశమున నేతగాండ్ర ఆకలిచావులు దేశమంతట వార్తయైనవి. ఇట్లు పని పోయినవారిలో పలువురు ఎచటికి పోయిరి? ఆ చీర వచ్చిన ఊరికే పోయిరి. తన మగ్గమును చంపిన యంత్రమునకు తానే కావలి యయ్యెను. పండ్రెండుగంటల పాళీలో, చెవులు చిల్లులుపడు మ్రోతలో, పలుమగ్గముల నడుమ ఒక్కడే నిలిచి, నేసినంత బట్టకు కూలి తీసికొని ఇంటికి పంపెను. ఆ సొమ్ముతో అప్పు తీరెను, పిల్ల పెండ్లియు జరిగెను. ఇంటిలోని మగ్గపుగుంట మాత్రము పూడిపోయెను. ఇచట కష్టమునకు కారణమేది, సుఖమునకు కారణమేది? ఒక్కటే.

ప్రభుత్వము శాసనముతో తూకము సరిచేయజూచెను. 1985లో చేసిన చట్టము ననుసరించి, 1986 నాటి ఉత్తరువు 22 రకముల వస్త్రములను చేమగ్గములకే కేటాయించెను. మరమగ్గముల యజమానులు న్యాయస్థానముల కెక్కిరి. 1993లో సర్వోన్నత న్యాయస్థానము చట్టమును సమర్థించెను. 1996లో ప్రభుత్వమే ఆ జాబితాను 11కు కుదించెను. చేమగ్గములపై ప్రేమ గలవారు (నేనును వారిలో నొకడనే) ఈ కుదింపునకు వగచిరి. అయితే ఒక సంగతి మరువరాదు. ఆ చట్టము అక్షరాల అమలు జరిగినచో పోచంపల్లిలో కొన్ని పొయ్యిలు వెలిగెడివి, లింబాయతులో కొన్ని ఆరెడివి. ఆ పొయ్యిలు రెండుచోట్లను తెలుగువారివే.

స్థితప్రజ్ఞుడు సుఖదుఃఖములయందు సముడని గీత చెప్పును. ఆ ఆదర్శమునకు నమస్కారము. కాని దానిని ఆకలిగొన్నవానికి అన్నమునకు మారుగా వడ్డించు అలవాటు మనలో కలదు. అది నాకు సమ్మతము కాదు. బుద్ధుడు సోణుడను భిక్షువునకు వీణతంతిని దృష్టాంతముగా చూపెనందురు. అతిగా బిగించినను, అతిగా వదలినను అది పలుకదు. నేతగానికి ఈ మాట ఇంకను దగ్గరిది. పడుగు బిగువెక్కినచో పోగు తెగును, వదులైనచో నాడె సాగదు. ఆ బిగువు రెండుకొనలు ఎదురెదురుగా లాగుటవలననే కలుగును. ఒక కొనను విడిచినచో విశ్రాంతి కలుగవచ్చును, బట్ట మాత్రము కలుగదు. అందువలన సమత్వము నేతగానికి ఒకసారి సాధించి కూర్చుండు స్థితి కాదు; దినమంతయు సవరించుకొనవలసిన పని.

1994 సెప్టెంబరులో సూరతున ప్లేగు పుట్టెనను వార్త వెడలెను. కొలదిదినములలో లక్షలాదిజనము రైళ్లు, బస్సులు పట్టి పారిపోయిరి. వలసవచ్చినవానికి అంతవఱకు రెండూళ్లు. ఆ దినములలో ఒక్కటియు లేకపోయెను. ఇచట వ్యాధిభయము, స్వగ్రామమున వీడే వ్యాధిని తెచ్చెనేమోనను భయము. మరుసటి యేట సూర్యదేవర రామచంద్రరావు నగరపాలక కమిషనరుగా వచ్చెను. కచ్చేరీలలో కూర్చుండు అధికారులను ప్రతిదినము వీధులలోనికి పంపెను. పలుకుబడి గలవారి అక్రమకట్టడములను సైతము కూల్పించెను. రెండేండ్లు తిరుగకమునుపే సూరతు దేశములో రెండవ పరిశుభ్రనగరముగా ఎన్నికకు వచ్చెను. ప్లేగు మేలే చేసెనని కొందరందురు. నేనట్లనను. చచ్చినవారికి ఆ వీధులతో పని లేదు. మేలు చేసినది ప్లేగు కాదు, చీపురు. 2006 ఆగస్టులో మఱల దెబ్బ తగిలెను. వరదను అదుపు చేయు ఉకాయి జలాశయమునుండియే విడిచిన నీరు నగరములో అధికభాగమును ముంచెను. బురద కడిగి మగ్గములు మఱల త్రిప్పుకొనిరి.

ఇప్పటి పెనగులాట వేఱు. సూరతు నగరపాలిక విద్యాసమితి గుజరాతీతోపాటు మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఆంగ్లమాధ్యమములలోను పాఠశాలలు నెలకొల్పినది. పరాయిగడ్డపై కార్మికుల పిల్లలకు ప్రజలసొమ్ముతో తెలుగు ఓనమాలు దిద్దించుట చిన్నసంగతి కాదు. కాని ఆ తరగతులు దాటిన బిడ్డకు కొలువు గుజరాతీలో, హిందీలో, ఆంగ్లములో ఉన్నది. తెలుగును పట్టుకొన్నచో బిడ్డ వెనుకబడునేమోనని తండ్రి దిగులు. విడిచినచో మనుమడు తనతో ఏ భాషలో మాటాడునని తాత దిగులు. ఒకే యింట ఇద్దరిదియు నిజమే.

ఒక పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాడు దానిని అచ్చులోనుండి పూర్తిగా లాగివేయడు. కొన్ని అంగుళముల ప్రాతపోగులను అట్లే ఉంచి, క్రొత్తపోగులను ఒక్కొక్కటిగా వాని కొనలకు పురిపెట్టి అతుకును. వేలపోగులు, తొందరపడినచో వరుస తప్పును. ఆ అతుకులన్నియు అచ్చు దాటి ఇవతలికి వచ్చువఱకు మగ్గమును మెల్లగా నడపవలెను. అంతవఱకు నేసిన జానెడు బట్ట సంతకు పనికిరాదు.