ఇసుక ఈగ లాలాజలం, చర్మపు లీష్మానియా పుండు

లీష్మానియా పరాన్నజీవిని మనిషి చర్మంలోకి చేర్చేది ఆడ ఇసుక ఈగ. మూడు మిల్లీమీటర్లకు మించని ఈ కీటకం పశువుల కొట్టాల్లో, మట్టిగోడల పగుళ్లలో, పేడ కలిసిన తేమ నేలలో పెరుగుతుంది. వరంగల్ ప్రాంతానికి ఇది కొత్త కాదు. 2003 జూన్–సెప్టెంబరు మధ్య అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు సోకి, 183 మంది చనిపోయారు. ఆ విషాదానికి చాందీపురా వైరస్ కారణమని తేలింది. వరంగల్, కరీంనగర్ జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. తర్వాత కరీంనగర్ జిల్లాలో పట్టిన సెర్జెంటోమియా ఇసుక ఈగల్లో ఆ వైరస్ జాడ దొరికింది. చర్మపు లీష్మానియా మాత్రం ఇక్కడి వ్యాధి కాదు. దేశంలో దానికి పేరుపడ్డ చోటు రాజస్థాన్‌లోని బికనేర్. ఈగ ఉన్న ప్రతిచోటా పుండు పుట్టదు: పరాన్నజీవి ఉండాలి, దాన్ని మోయగల ఈగ జాతీ ఉండాలి.

దోమ తన తొండాన్ని నేరుగా రక్తనాళంలోకి దించుతుంది. ఇసుక ఈగ నోరు పొట్టిది. అది చర్మాన్ని కోసి, సన్నని రక్తనాళాలను తెంపి, అక్కడ ఊరిన రక్తాన్ని పీలుస్తుంది. గాయమైన చోట రక్తం గడ్డకట్టకుండా ఆపేది లాలాజలమే. అందులోని ఎపైరేజ్ ఎంజైమ్ ప్లేట్‌లెట్లు ఒకచోట చేరకుండా అడ్డుకుంటుంది. దక్షిణ అమెరికాకు చెందిన లుట్జోమియా లాంగిపాల్పిస్ లాలాజలంలో ఉండే మాక్సడిలాన్ రక్తనాళాలను బలంగా వ్యాకోచింపజేస్తుంది. ఈ పదార్థాలు ఈగ కడుపు నింపడానికి ఏర్పడినవే. వాటి నీడన పరాన్నజీవి బతుకుతుంది. పరాన్నజీవిని చంపాల్సిన మాక్రోఫేజ్ కణాల చురుకుదనం లాలాజలం వల్ల మందగిస్తుంది. కాటు గాయానికి పరుగెత్తుకొచ్చే న్యూట్రోఫిల్ కణాలు పరాన్నజీవులను మింగినా, అన్నిటినీ చంపలేవు.

1988లో టైటస్, రిబేరో చేసిన ప్రయోగం ఈ రంగానికి పునాది. లీష్మానియా మేజర్‌ను లుట్జోమియా లాలాజల గ్రంథుల సారంతో కలిపి ఎలుకలకు ఎక్కించగా, పుండ్లు అయిదు నుంచి పది రెట్లు పెద్దవయ్యాయి. పరాన్నజీవుల సంఖ్య కొన్నిటిలో 5,000 రెట్ల దాకా పెరిగింది. పరాన్నజీవులను చాలా తక్కువగా ఎక్కించినప్పుడు, లాలాజలం తోడుంటేనే అవి తర్వాత కనిపించాయి. ప్రకృతిలో ఈగ వదిలే మోతాదు సాధారణంగా తక్కువే కనుక, ఈ చివరి ఫలితానికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

అదే లాలాజలం రక్షణగానూ మారుతుంది. 2000లో కంహావీ బృందం వ్యాధి లేని ఫ్లెబోటోమస్ పాపటాసి ఈగలతో ఎలుకలను ముందుగా కుట్టించింది. తర్వాత వ్యాధి మోస్తున్న ఈగలు కుట్టినా వాటికి జబ్బు తీవ్రం కాలేదు. లాలాజల ప్రోటీన్లను గుర్తుపెట్టుకున్న చర్మం, కాటు పడగానే పరాన్నజీవికి పనికిరాని వాతావరణాన్ని తెచ్చిపెట్టింది. అయితే ప్రోటీన్లన్నీ ఒకే దారిన నడవవు. పాపటాసి లాలాజలంలోని ఎస్‌పీ15 ఎలుకలను కాపాడితే, ఎస్‌పీ44 వ్యాధిని ముదరబెట్టింది. మనుషుల విషయం ఇంకా చిక్కైనది: ట్యునీషియాలో లాలాజలంపై యాంటీబాడీలు ఉన్నవారికి వ్యాధి ముప్పు ఎక్కువగా కనిపించింది. ఎలుకలో దొరికిన జవాబును మనిషికి అంటగట్టే ముందు ఆగాలి.

టీకా పరీక్షలకూ ఇది పెద్ద హెచ్చరిక. చంపిన పరాన్నజీవులతో చేసిన ఒక టీకా, సూదితో వ్యాధి ఎక్కించిన ఎలుకలను కాపాడింది. ఈగ కుట్టినప్పుడు కాపాడలేకపోయింది. 2015లో వెలువడిన అధ్యయనంలో ఫ్లెబోటోమస్ డుబోస్కి లాలాజల ప్రోటీన్‌నే టీకాగా పొందిన రీసస్ కోతులు, వ్యాధి మోస్తున్న ఈగల కాటును మెరుగ్గా తట్టుకున్నాయి.

ఉత్తర తెలంగాణకు ఈ చర్చ గల్ఫ్ దారిలో చేరువవుతుంది. సౌదీ అరేబియాలోని అల్ అహ్సా ప్రాంతంలో లీష్మానియా మేజర్‌ను వ్యాపింపజేసేది పాపటాసి ఈగే. అక్కడికి పనికి వెళ్లిన వలస కూలీ చర్మానికి ఆ పరాన్నజీవి కొత్తది. స్వగ్రామంలో వేరే జాతి ఈగల కాట్లు తిన్నా, లాలాజల ప్రోటీన్లు జాతిని బట్టి మారుతాయి కనుక ఆ అనుభవం అక్కరకొస్తుందనే భరోసా లేదు. కాటుకూ పుండుకూ మధ్య వారాలు, ఒక్కోసారి నెలలు గడుస్తాయి. అందువల్ల సౌదీలో పడిన కాటు తాలూకు నొప్పి లేని పుండు, ఇంటికి తిరిగొచ్చాకే ముఖంపైనో చేతిపైనో తేలవచ్చు.