క్షయ కాని క్షీణత

1684వ సంవత్సరం జూలై మాసంలో లండన్ నగరంలోని సెయింట్ మేరీ యాక్స్ ప్రాంతానికి చెందిన ఒక యువతికి ఋతుస్రావం నిలిచిపోయింది. అప్పటికి ఆమెకు పద్ధెనిమిదవ ఏడు. క్రమంగా ఆకలి మందగించింది. రాత్రివేళల్లోనూ పుస్తకాలకు అంటిపెట్టుకొని ఉండేది. చలికాలంలో చలిని లెక్కచేసేది కాదు. రెండేళ్ల తరువాత, తరచు మూర్ఛలు వస్తుండగా గాని వైద్యుణ్ణి సంప్రదించలేదు. ఆ వైద్యుడు రిచర్డ్ మోర్టన్. క్షయవ్యాధిపై 1689లో లాటిన్ భాషలో ఉద్గ్రంథం వెలువరించిన ఆయనకు శుష్కించిన దేహాలు కొత్త కావు. అయినా చర్మం కప్పిన అస్థిపంజరం వలె ఉన్న ఈమెను చూచి నివ్వెరపోయాడు. దగ్గు లేదు, జ్వరం లేదు, ఆయాసం లేదు. ఒళ్లంతా చల్లగా ఉన్నది. కొన్నాళ్లు మందులు వాడి విసిగిపోయి, ఇక తనను ప్రకృతికే వదిలివేయమని ఆమె వేడుకొన్నది. మూడు నెలలకు మూర్ఛలోనే మరణించింది.

మోర్టన్ దీనిని నాడీసంబంధమైన క్షయ అన్నాడు. పేరు సరిపోలేదు గాని పరిశీలన నిఖార్సైనది. రోగిలో ఏమున్నదో వ్రాసినంత శ్రద్ధగా ఏమి లేదో కూడా ఆయన వ్రాసిపెట్టాడు. ఆహారానికి సంబంధించిన మానసిక రుగ్మతలను గుర్తించడంలో నేటికీ అదే తొలి మెట్టు. ఆయన వర్ణించిన రెండవ రోగి పదహారేళ్ల బాలుడు. ఇది ఆడపిల్లల జబ్బేనని భావించేవారు ఈ సంగతి గమనించాలి.

దాదాపు రెండు శతాబ్దాల తరువాత కూడా అదే పొరపాటు. 1868 అక్టోబరులో లండన్ వైద్యుడు విలియం గల్ వద్దకు పద్ధెనిమిదేళ్ల అమ్మాయిని తీసుకువచ్చారు. లోపల క్షయ దాగి ఉన్నదన్న అనుమానంతో, శీతకాలం దక్షిణ ఐరోపాలో గడపమని ఆమెకు అప్పటికే సలహా ఇచ్చారు. గల్ పరీక్షించగా అవయవాలన్నీ ఆరోగ్యంగానే ఉన్నాయి. 1866లో ఆయన చూచిన మరొక పదిహేడేళ్ల రోగి నాడి నిమిషానికి 56 సార్లే కొట్టుకొనేది. సుమారు ఏడాదిగా ఋతుస్రావం లేదు. నొప్పి అంటూ ఏదీ చెప్పదు; అంత కృశించి కూడా ఒక్కచోట కుదురుగా ఉండదు. నా దృష్టిలో ఈ చివరి లక్షణమే అన్నిటికన్నా మోసపుచ్చేది. నీరసించినవాడు మంచం పడతాడని మన అనుభవం. ఇక్కడ రోగి మెట్లెక్కుతుంది, నడుస్తుంది, చదువుతుంది. ఇంటివారు నిశ్చింతగా ఉంటారు.

గల్ 1873లో లండన్ క్లినికల్ సొసైటీలో ఈ వ్యాధికి అనొరెక్సియా నెర్వోసా అని నామకరణం చేశాడు. అదే ఏడాది పారిస్‌లో లాసెగ్ అనే వైద్యుడు రోగితో పాటు కుటుంబాన్ని కూడా పరిశీలించి వ్రాశాడు. తనకు బాధ లేదు కనుక జబ్బూ లేదని రోగి వాదిస్తుంది. ఇంటివారికి తెలిసినవి రెండే ఉపాయాలు: బతిమాలడం, బెదిరించడం. రెండూ వికటిస్తాయి. మన ఇళ్లలో అన్నం పళ్లెం ముందు జరిగే రభసను ఎరిగినవారికి ఇది పరాయి దేశపు కథగా తోచదు.

1914 తరువాత మరికొంత కాలం పీయూష గ్రంథి లోపమే కారణమన్న భ్రమ వ్యాపించింది. దానిని అలా ఉంచుదాం.

అనొరెక్సియా అంటే ఆకలి లేకపోవడం. ఈ పేరే మరో అపోహకు మూలం. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఏన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు 24 వారాలు అరకొర ఆహారమిచ్చి పరిశీలించాడు. వారి మనస్సంతా తిండి చుట్టూ తిరిగింది. కొందరు వంటపుస్తకాలు సేకరించారు. ఉన్న కాస్త ఆహారాన్నీ గంటల తరబడి తిన్నారు. అందరికీ వండి వడ్డించి తాను మాత్రం తినని పిల్ల, ముద్దను చిదిపి చిదిపి పక్కకు నెట్టే పిల్ల ఆకలి లేనిదనుకోవడం పొరపాటు.

ఇక సన్నబడనివారి సంగతి. 1979లో లండన్‌లో జెరాల్డ్ రస్సెల్ బులీమియా నెర్వోసాను వర్ణించాడు. అతిగా తినడం, ఆపై వాంతి చేసుకోవడం దీని లక్షణాలు. బరువు మామూలుగానే ఉండవచ్చు. భోజనం కాగానే స్నానాలగదికి వెళ్లడం, వేళ్ల కణుపుల మీద కాయలు, దవడల వద్ద వాపు, అరిగిన పళ్లు దీని జాడలు. తల్లి కంటే ముందు దంతవైద్యుడు పసిగట్టే జబ్బు ఇది.

లావవుతానన్న భయం కనబడితేనే అనుమానించాలనుకోవడం కూడా తగదు. 1990లలో హాంకాంగ్ వైద్యుడు సింగ్ లీ ఆ భయం లేని రోగులను ఎందరినో వర్ణించాడు. కడుపు ఉబ్బరమనో, ఆకలి లేదనో మాత్రమే వారు చెప్పేవారు. మనవద్ద ఆ మాట వినగానే గ్యాస్ బిళ్లతో సరిపెడతారు. వారానికి ఒక ఉపవాసం మూడై, నాలుగై, వ్రతం ముగిసినా ముగియకపోతే, ఋతుక్రమం తప్పితే, చేతులు చల్లబడితే, నిలబడగానే కళ్లు తిరిగితే వైద్యునికి చూపించాలి. నాడి, రక్తపోటు, రక్తంలో పొటాషియం, ఈసీజీ చూడాలి. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. మూర్ఛ వస్తే ఆసుపత్రికే వెళ్లాలి. మానసిక వైద్యుని సలహా తప్పనిసరి; టెలీమానస్ 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

1866 నాటి ఆ పదిహేడేళ్ల అమ్మాయి 1868 మార్చి నాటికి కోలుకొన్నది. జబ్బులో ఉన్నప్పటి చిత్రాన్నీ, కోలుకొన్న తరువాతి చిత్రాన్నీ గల్ తన వ్యాసంతో పాటు అచ్చువేయించాడు. రెండవ దానిలోని బుగ్గలు నిండిన ముఖం మొదటి దానిలోని మనిషిదేనంటే నమ్మడం కష్టం.