బాంటింగ్ పట్టికలో చివరి సున్నా

ఏడు వారాలుగా నా నోటుపుస్తకంలో ఒకటే అంకె. 74.2. ఒకరోజు 74.5, ఇంకోరోజు 73.9, మళ్ళీ 74.2. అన్నం మానేసి అప్పటికి నాలుగు నెలలయింది. మొదటి పది రోజుల్లోనే 2.8 కిలోలు తగ్గాను. రెండున్నర నెలల్లో మొత్తం 6.4 కిలోలు. ఆ తర్వాత ముల్లు కదల్లేదు.

నోటుపుస్తకం తీసుకుని ఆహార సలహాలిచ్చే నిపుణురాలి దగ్గరికి వెళ్ళాను. ఆమె పేజీలు తిప్పి, పెన్ను కింద పెట్టి, గొంతు తగ్గించి అడిగింది: "మేడమ్, దాచకుండా చెప్పండి. రాత్రిపూట ఏం తింటున్నారు?" పిహెచ్.డి. చేసినదాన్ని, ముప్ఫయ్యేడేళ్ళదాన్ని, పరీక్ష హాల్లో చీటీతో దొరికిన పిల్లలా అయిపోయాను. ఏమీ తినడం లేదని చెప్పాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు నాతో పాటు బస్సెక్కి ఇంటిదాకా వచ్చింది.

సాహిత్యం చదువుకున్నవాళ్ళకి అవమానం జరిగితే చేయగలిగింది ఒకటే. దాని మూలగ్రంథం ఏమిటో వెతుక్కోవడం. ఈ అన్నం మానే తిండికి మూలగ్రంథం ఉంది. 1863లో లండన్‌లో విలియం బాంటింగ్ అనే ఆయన సొంత ఖర్చుతో అచ్చువేసి పంచిన చిన్న కరపత్రం అది.

బాంటింగ్ వైద్యుడు కాడు. అంత్యక్రియలు జరిపించే సంస్థ యజమాని. రాజకుటుంబంలో చావులకు కూడా వాళ్ళ కుటుంబమే ఏర్పాట్లు చూసేది. పొడవు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 202 పౌన్లు, అంటే 91 కిలోల పైచిలుకు. వంగి బూటులేసు కట్టుకోలేడు. మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి ఒక్కొక్కటే దిగేవాడు. పడవ నడిపాడు, ఆకలి పెరిగింది. టర్కీ స్నానాలు చేశాడు. ఎందరో వైద్యుల చుట్టూ తిరిగాడు. చివరికి చెవి వినబడటం లేదని విలియం హార్వే అనే చెవి వైద్యుడి దగ్గరికి వెళితే, ఆయన చెవి సంగతి కన్నా ఒంటి సంగతి పట్టించుకున్నాడు. హార్వే అప్పటికి పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ మధుమేహం మీద ఇచ్చిన ఉపన్యాసాలు విని వచ్చాడు. బ్రెడ్డు, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంపలు మానమన్నాడు. మాంసం, చేపలు, ఆకుకూరలు తినమన్నాడు. వైన్ మాత్రం ధారాళంగా తాగనిచ్చాడు. అది ఆ కాలపు పెద్దమనిషి పథ్యం.

కరపత్రంలో నన్ను కట్టిపడేసింది చివర్లో ఉన్న పట్టిక. ఇంచుమించు మూడేసి వారాలకోసారి తీసిన బరువు, తగ్గిన పౌన్లు. 1862 సెప్టెంబరు 7న 200. అక్టోబరు 19కి 193. డిసెంబరు 24కి 184. అక్కణ్ణించి మార్చి దాకా విడతకి రెండేసి పౌన్లు. ఏప్రిల్ నుంచి మళ్ళీ మూడేసి. తర్వాత రెండు, మళ్ళీ రెండు, ఒకటి. 1863 ఆగస్టు 26న 156. సెప్టెంబరు 12న మళ్ళీ 156, దాని పక్కన సున్నా. మొత్తం తగ్గింది 46 పౌన్లు, అంటే ఇరవై ఒక్క కిలోలకి కాస్త తక్కువ.

ఆ సున్నా దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నా పుస్తకంలో ఏడు వారాలుగా ఉన్నదీ అదే సున్నా. ఆయనకది చేరిన ఊరు. నాకేమో నేరారోపణ పత్రం. ఆయన్ని ఎవరూ రాత్రిపూట ఏం తింటున్నావని అడగలేదు. అంతకు ముందు ఇరవై, ముప్ఫై ఏళ్ళు బరువు తగ్గకపోతే ఆ తప్పు సరైన మార్గం చెప్పలేని వైద్యులదే అని ఆయన నిస్సంకోచంగా రాసుకున్నాడు. తన మాట నమ్మరేమోనన్న భయం ఆ వాక్యాల్లో ఎక్కడా లేదు. (పూటపూటకీ ఆ మాంసం ఎవరు కొన్నారు, ఎవరు వండారు అన్నది పట్టికలో లేదు. ఉంటుందని నేనూ ఆశించలేదు.) ఇంగ్లీషులో ఆయన పేరు చాలాకాలం ఒక క్రియాపదంగా నడిచింది. స్వీడన్‌లో తిండి తగ్గించుకోవడాన్ని ఇప్పటికీ "బాంటా" అంటారు.

యాభై అయిదేళ్ళు గడిచాక ఈ కథలోకి ఒక స్త్రీ వచ్చింది. 1918లో కాలిఫోర్నియా వైద్యురాలు లూలూ హంట్ పీటర్స్ మామూలు జనానికి కెలోరీ అనే మాట నేర్పిన పుస్తకం రాసింది. ఇకమీదట ఒక రొట్టెముక్క అనొద్దు, వంద కెలోరీల రొట్టె అనండి అంది. తనూ ఒకప్పుడు 220 పౌన్ల మనిషి. హాస్యం బాగా తెలిసిన రచయిత్రి. చదువుతుంటే ఆమె మీద ఇష్టం కలుగుతుంది, అందుకే బాధ కూడా. అది యుద్ధకాలం. పిల్లలు ఆకలితో ఉంటే ఒంట్లో కొవ్వు దాచుకోవడం దేశద్రోహం లాంటిదన్న ధ్వని ఆ పుస్తకం నిండా ఉంది. బాంటింగ్‌కి స్థూలకాయం ఒక ఇబ్బంది, పీటర్స్ పాఠకురాళ్ళకి అది పాపమైంది. రోజుకి 1200 కెలోరీలు అన్న అంకెని జనంలోకి తెచ్చిందీ ఆమే. వందేళ్ళు దాటినా ఆ అంకె స్త్రీల పత్రికల్లో చెక్కుచెదరలేదు.

దీని పక్కన ఇంకో అంకె పెట్టి చూడాలి. 1944 చివర్లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఏన్సెల్ కీస్, యుద్ధానికి వెళ్ళడానికి ఒప్పుకోని 36 మంది యువకుల మీద ఆకలి ప్రయోగం మొదలుపెట్టాడు. ఆరు నెలలపాటు వాళ్ళకి రోజుకి సుమారు 1570 కెలోరీలు. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు అర్ధ పస్తు. బరువులో నాలుగోవంతు పోయింది. ఒళ్ళు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చుపెట్టే శక్తి దాదాపు 40 శాతం పడిపోయింది. కాళ్ళకి నీరు పట్టింది. లోపల కండా కొవ్వూ కరుగుతున్నా, పట్టిన నీరు ఆ నష్టాన్ని ముల్లుకి కనబడకుండా కొంత దాచేసింది. మగవాళ్ళు 1570 తింటే పస్తు, ఆడవాళ్ళు 1200 తింటే క్రమశిక్షణ!

పిండిపదార్థాలు తగ్గించే తిండికి ఈ నీళ్ళ లెక్క మరీ ముఖ్యం. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న పిండి నాలుగైదు వందల గ్రాములుంటుంది. ఒక్కో గ్రాము తనతో పాటు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం మానగానే మొదట ఖాళీ అయ్యే గిడ్డంగి ఇదే. నా మొదటి పది రోజుల 2.8 కిలోల్లో సగానికి పైగా నీళ్ళేనన్నమాట. ఆ వేగాన్ని నేను నా ప్రయోజకత్వం అనుకున్నాను. అందుకే ముల్లు ఆగినప్పుడు అప్రయోజకురాలినైపోయాను.

1956లో లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో కెక్విక్, పవన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే వెయ్యి కెలోరీలని రకరకాలుగా ఇచ్చి చూశారు. 90 శాతం కొవ్వుగా తిన్నవాళ్ళ బరువు ఎక్కువ తగ్గింది. 1972లో మొదటి పుస్తకం రాసిన రాబర్ట్ అట్కిన్స్‌కి ఈ ప్రయోగం దాదాపు వేదవాక్యం. బరువు ఆగిపోయినవాళ్ళ కోసం తర్వాత ఆయన చెప్పిన ఉపాయం దీని నుంచే పుట్టింది: నాలుగైదు రోజులు వెయ్యి కెలోరీలు, అందులో తొంభై శాతం కొవ్వు, అయిదు చిన్న విడతలుగా. 1976లో యాంగ్, వాన్ ఇటలీ ఆరుగురిని ఆసుపత్రిలో ఉంచి 800 కెలోరీల ఆహారాలు పోల్చారు. పిండి మానినప్పుడు ఎక్కువ తగ్గిన బరువులో ఆ ఎక్కువ భాగమంతా నీరేనని తేలింది. కొవ్వు తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా కొవ్వు ఉపవాసం ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. అది ముల్లుని కదిలిస్తుంది, మనకి కావలసింది అదే కాబట్టి.

ఇక్కడిదాకా నా పక్షాన బాగానే వాదించుకున్నాను. న్యూయార్క్‌లో జరిగి 1992లో వెలువడిన పరిశోధన ఒకటి నన్ను ఇబ్బంది పెట్టింది. 1200 కెలోరీల లోపే తింటున్నా తగ్గడం లేదని చెప్పిన పదిమందిని స్టీవెన్ లిచ్‌మన్ బృందం పరీక్షించింది. అందులో తొమ్మిదిమంది స్త్రీలు. వాళ్ళ జీవక్రియలో ఏ లోపమూ లేదు. తాము తిన్నామని చెప్పినదాని కంటే నిజంగా తిన్నది చాలా ఎక్కువ, సగటున 47 శాతం దాచబడింది. చేశామన్న శ్రమని 51 శాతం పెంచి చెప్పారు. దాచబడింది అని కర్మణిలో రాయడం కావాలనే. వాళ్ళు అబద్ధం చెప్పారని ఆ పరిశోధన నిరూపించలేదు. కళ్ళూ జ్ఞాపకమూ కొలవలేకపోయాయి. కానీ ఆ నిపుణురాలి ప్రశ్నలో పొరపాటు ఎంత, నిజం ఎంత అన్నది అప్పటికి నాకూ తెలియలేదు.

ఒక వారం వంటింట్లో చిన్న తూకం పెట్టుకున్నాను. గుప్పెడు వేరుశనగపప్పులు ముప్ఫై గ్రాములు తూగాయి, అంటే 170 కెలోరీలు. రోజుకి మూడు గుప్పెళ్ళు. అన్నం లేదు కదా అని కూరల్లో వేసుకున్న నెయ్యి చెంచాకి 120 చొప్పున. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూసిన గరిటెలు. పిల్లవాడు వదిలేసిన సగం దోసె, పారేయడానికి చేతులు రాక. మా అమ్మ చూసి, "అన్నం మానేశానని నెయ్యిలో ఈదుతున్నావేంటే" అంది. నోటుపుస్తకంలో వీటిలో ఒక్కటీ లేదు. నేను దాచలేదు. రుచి చూడటం, మిగిలింది పారెయ్యకుండా నోట్లో వేసుకోవడం తినడం కిందికి వస్తాయని మా ఇళ్ళల్లో ఏ ఆడదానికీ అనిపించదు. అవి పని కిందికి వస్తాయి. కూర్చుని కంచంలో పెట్టుకున్నదే భోజనం. బాంటింగ్ లెక్క సరిగ్గా ఉండటానికి ఇదీ ఒక కారణమేమో, ఆయన ఎవరి ఎంగిలీ తినలేదు.

ఇక మిగిలింది కూడికలు, తీసివేతలు. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2016లో ప్రచురించిన అంచనా ప్రకారం, తగ్గిన ప్రతి కిలోకీ ఒళ్ళు ఖర్చుపెట్టేది రోజుకి ఇరవై, ముప్ఫై కెలోరీలు తగ్గుతుంది. ఆకలి మాత్రం సుమారు వంద కెలోరీల చొప్పున పెరుగుతుంది. నా 6.4 కిలోలకి ఖర్చు 160 తగ్గింది, ఆకలి 640 పెరిగింది. దీన్ని మించి ఎన్నాళ్ళు నెగ్గుకొస్తాం? ఆగకపోతేనే ఆశ్చర్యం. పైగా నెలసరికి ముందు పట్టే నీరు కిలోకి పైగా ఉండొచ్చు. నెలలో రెండు తేదీలు పోల్చుకుని కుంగిపోవడం అర్థంలేని పని. పోయిన నెల అదే రోజుతో పోల్చాలి. ఈ చిన్న విషయం నాకు ఏ పుస్తకమూ ముందు చెప్పలేదు. ఆస్ట్రేలియాలో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2017లో వెలువడ్డాయి. రెండు వారాలు తిండి తగ్గించి, రెండు వారాలు ఒంటికి సరిపడా తిని, మళ్ళీ తగ్గించినవాళ్ళు ఏకబిగిన తగ్గించినవాళ్ళకంటే మెరుగ్గా తగ్గారు. అందులో పాల్గొన్న 51 మందీ మగవాళ్ళే. మిన్నెసోటా నుంచి ఇక్కడిదాకా అదే వరస.

అయినా ఆ విరామం నేనూ తీసుకున్నాను. సంక్రాంతి వచ్చింది. రెండు వారాలు రోజుకో కప్పు అన్నం, పప్పు. మూడో రోజుకే కిలోన్నర పెరిగింది. ఇదివరకైతే ఏడ్చేదాన్ని. గిడ్డంగి నిండుతోందని తెలుసు కాబట్టి రాసుకుని ఊరుకున్నాను. తర్వాత మళ్ళీ అన్నం మానేసి, వేరుశనగలు ఒక గుప్పెడికి తగ్గించి, గుడ్లూ చేపలూ పెంచి, వారానికి మూడు రోజులు బరువులెత్తడం మొదలుపెట్టాను. పన్నెండు వారాల్లో 2.3 కిలోలు తగ్గాను. (షుగరుకి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు పిండిపదార్థాలు ఇలా తగ్గిస్తూ పెంచుతూ సొంతంగా చేయకూడదు. మోతాదు వైద్యుల చేత మార్పించుకోవాలి.)

మా అమ్మ కాలంలో పథ్యం అనే మాట ఉండేది. బాలింతకి ఇన్ని నెలలు, పసిరికలకి ఇన్ని వారాలు అని గడువుండేది. గడువు తీరితే నలుగురూ చూస్తుండగా విడిచేవారు. పెట్టేవాళ్ళూ వేరే ఉండేవారు. డైట్‌కి గడువు లేదు, పెట్టేవాళ్ళూ లేరు. ఆ పథ్యాలు స్త్రీలని చేసిన హింస తక్కువేమీ కాదు, వాటిని నేను వెనక్కి రమ్మనడం లేదు. ఈ మధ్య మా వీధిలో అన్నం మానేసిన ముగ్గురు ఆడవాళ్ళూ ఇంట్లోవాళ్ళకి అన్నం వండుతూనే ఉన్నారు. నేనూ వండుతున్నాను.

నిపుణురాలి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి బాంటింగ్ పట్టికని చేత్తో ఎత్తి రాసి, పక్కన నా అంకెలు వేసి తీసుకెళ్ళాను. తూకం వారం లెక్కలు కూడా, దోసెముక్కతో సహా. ఆమె చాలాసేపు చూసింది. మూడు నెలల సగటు చక్కెర 6.2 నుంచి 5.8కి దిగింది, అది సరిపోతుంది అంది. తర్వాత పట్టిక మీద వేలు పెట్టి, ఈ పెద్దాయనకి చివర్లో ఏమైందని అడిగింది. 1878 దాకా బతికాడని చెప్పాను. ఆ కాగితం ఉంచుకోవచ్చా అంది. ఇచ్చేశాను. ఇప్పుడు నా పుస్తకంలో 71.9 ఉంది, మూడు వారాలుగా.