పర్యావరణ ప్రజారోగ్యం: వృత్తులు, నాయకత్వం

తాగే నీరు, పీల్చే గాలి, తినే తిండి, ఉండే ఇల్లు, పనిచేసే చోటు మనిషికి జబ్బు తెచ్చిపెట్టకుండా కాపాడే పనిని పర్యావరణ ప్రజారోగ్యం అంటారు. వైద్యుడి దగ్గరికి రోగి వస్తాడు. ఈ రంగంలో ఉన్నవాళ్లు తామే బావి దగ్గరికి, మురుగుకాలువ దగ్గరికి, హోటల్ వంటగదిలోకి, కార్ఖానా పొగగొట్టం కిందికి వెళ్లాలి. తెలుగు ఊళ్లలో ఈ వృత్తి చాలాకాలం ‘శానిటరీ ఇన్‌స్పెక్టర్’ అన్న ఒక్క పేరుతోనే తెలుసు. ఆ పేరు వెనుక నీటిని పరీక్షించే రసాయన శాస్త్రజ్ఞులు, ప్రజారోగ్య ఇంజనీర్లు, దోమలను అధ్యయనం చేసే కీటక శాస్త్రజ్ఞులు, జబ్బుల లెక్క కట్టే ఎపిడెమియాలజిస్టులు, ఆహార భద్రతా అధికారులు, కార్ఖానా వైద్యులు, కాలువలోకి దిగే కార్మికులు ఉన్నారు. నీటిలో ఏముందో కొలిచేవారు ఒకరు, కొత్త నీరు తెప్పించే అధికారం ఉన్నవారు మరొకరు. ఈ ఇద్దరి మధ్య దూరం ఎంత పెరిగితే జనం అంత ఎక్కువ కాలం బాధపడ్డారన్నది ఈ రంగం చరిత్రలో పదేపదే కనిపిస్తుంది.

పుట్టుక

ఈ వృత్తికి ఆధునిక రూపం ఇచ్చిన నగరం ఇంగ్లండులోని లివర్‌పూల్. 1846లో ఆ నగరం తనకోసం ప్రత్యేక పారిశుధ్య చట్టం తెచ్చుకుంది. మరుసటి సంవత్సరం ముగ్గురు మనుషులు పక్కపక్కన పనిలోకి దిగారు. విలియం హెన్రీ డంకన్ బ్రిటన్‌లో తొలి నగర ఆరోగ్యాధికారి. జేమ్స్ న్యూలాండ్స్ నగర ఇంజనీరు. థామస్ ఫ్రెష్ వీధుల్లో తిరిగి మురికిని, దుర్వాసనను, కిక్కిరిసిన నేలమాళిగ ఇళ్లను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. ఒక డాక్టరు, ఒక ఇంజనీరు, ఒక తనిఖీదారు: నేటి మునిసిపాలిటీల్లోని ఆరోగ్య విభాగాలకు ఈ ముగ్గురూ మూలపురుషులే.

1854లో లండన్ సోహో ప్రాంతంలో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు ఇల్లిల్లూ తిరిగి, చావులు ఎక్కడెక్కడ జరిగాయో గుర్తించి, బ్రాడ్ స్ట్రీట్ పంపు నీటిమీద అనుమానం పెట్టుకున్నాడు. పంపు పిడి తీసేయించే అధికారం ఆయనకు లేదు. స్థానిక పాలకమండలి ముందు నిలబడి తన లెక్క వినిపించాడు, వాళ్లు పిడి తీయించారు. కలరా క్రిమిని రాబర్ట్ కాక్ గుర్తించి లోకాన్ని ఒప్పించడానికి ఆ తర్వాత ముప్పై ఏళ్లు పట్టింది. కారణం పూర్తిగా తేలకముందే, చేతిలో ఉన్న ఆధారంతో ఒక నిర్ణయం తీసుకోవచ్చని చూపినందుకు ఈ రంగంలో ఆ సంఘటనకు అంత విలువ.

తెలుగు నేలపై

మూసీ నది 1908 సెప్టెంబరు చివర హైదరాబాదును ముంచెత్తింది. నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరద నివారణతో పాటు నగరానికి భూగర్భ మురుగునీటి వ్యవస్థ కూడా కావాలని పథకం ఇచ్చాడు. ఆ వరుసలో వచ్చినవే 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్. జలాశయాల కథగానే మనం దీన్ని చెప్పుకుంటాం కానీ, ఒక ఇంజనీరు నగర ఆరోగ్యానికి నాయకత్వం వహించిన ఉదంతంగా కూడా చెప్పుకోవాలి.

కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1939లో వచ్చిన మద్రాసు ప్రజారోగ్య చట్టం ఈ తరహాలో దేశంలో మొదటిది. నీటి సరఫరా, మురుగు, అంటువ్యాధులు, దోమలు, సంతలు, తిరునాళ్లు అన్నిటినీ ఒకే చట్టం కిందికి తెచ్చి, ఆరోగ్యాధికారికి తనిఖీ చేసే హక్కు, నోటీసు ఇచ్చే హక్కు ఇచ్చింది. రాష్ట్రాలు విడిపోయినా, పేర్లు మారినా ఆంధ్ర ప్రాంతంలో ఆ చట్టమే కొనసాగింది.

నెల్లూరు నుంచి నల్గొండ దాకా

తెలుగువారికి ఈ రంగంలో అతి పెద్ద పాఠం ఫ్లోరోసిస్. 1930ల్లో అప్పటి నెల్లూరు జిల్లాలోని మెట్ట ప్రాంతాల్లో (వీటిలో చాలా భాగం 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి వెళ్లింది) నడుములు వంగిపోయినవాళ్లు, మెడ తిప్పలేనివాళ్లు కనిపించేవారు. దుక్కి ఎద్దుల కీళ్లు బిగుసుకుపోవడాన్ని రైతులు ముందే గమనించారని ఈ వ్యాధి చరిత్ర రాసినవారు చెబుతారు. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్ నాయకత్వంలో పరిశోధన జరిగింది. రోగులను చూసేవారు, ఎక్స్‌రే తీసేవారు, నీటిని పరీక్షించేవారు కలిసి పనిచేశారు. ఆ వ్యాసాల మీద పేర్లున్నవారిలో సి.జి. పండిట్ తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టరు అయ్యారు, టి.ఎన్.ఎస్. రాఘవాచారి మరొకరు. 1937లో వాళ్లు కారణం తేల్చి ప్రకటించారు. బావి నీటిలోని ఫ్లోరైడు ఎముకల్లో చేరి వాటిని గట్టిపరచి వంచేస్తోంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌కు తొలి వైద్య నమోదు ఇదే.

గ్రానైటు రాళ్ల పొరల్లోని ఫ్లోరైడు నెమ్మదిగా భూగర్భ జలంలో కరుగుతుంది. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో ఒక మిల్లీగ్రాముకు మించకూడదు, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సహిస్తారు. నీరు కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై మిగిలిన దాంట్లో చిక్కబడుతుంది. ఏ తల్లి అయినా బిడ్డకు కాచి చల్లార్చిన నీళ్లే మంచివనుకుంటుంది. ఈ విషయం ఇంటింటికీ చెప్పవలసినవాళ్లు ఆరోగ్య కార్యకర్తలే.

1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతి రూపొందించారు. ఇదే బాధ పడుతున్న నల్గొండ జిల్లా పేరు మీద దాన్ని ‘నల్గొండ పద్ధతి’ అన్నారు. ఆఫ్రికా దేశాల దాకా వెళ్లిన పేరు అది. పద్ధతి తేలికే. కానీ నీటిని బట్టి పటిక మోతాదు మారుతుంది, అడుగున పేరుకున్న మడ్డిని తీసి పారబోయాలి, రోజూ ఒకరు ఆ పని చూసుకోవాలి. ఆ ఒక్క మనిషికి ఉద్యోగం, శిక్షణ, జీతం లేకపోతే శాస్త్రం అక్కడికే ఆగిపోతుంది. పర్యావరణ ఆరోగ్యంలో చిన్న ఉద్యోగం అంటూ ఏదీ లేదని నేను నమ్మడానికి ఇదొక కారణం.

చివరికి నల్గొండ గోడును దేశమంతా వినేలా చేసింది బ్యాంకు ఉద్యోగం వదులుకుని వచ్చిన దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ గోడు వినిపించడానికే నల్గొండ స్థానానికి జనం పోటెత్తి నామినేషన్లు వేయగా 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ ఒక కాగితంలో పట్టక పుస్తకమైంది. కృష్ణా, గోదావరి నీటిని శుద్ధి చేసి ఇంటింటికీ పంపే మిషన్ భగీరథ 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గరి కోమటిబండలో మొదలైంది. 1937 నుంచి లెక్కపెడితే దాదాపు ఎనభై ఏళ్లు. కారణం తెలియక పోయిన ఏళ్లు కావవి. తెలిసిన కారణం, నీళ్లు తెప్పించే అధికారం ఒకచోట కలవక పోయిన ఏళ్లు.

సూరత్ కమిషనర్

ఆ రెండూ కలిస్తే ఎంత త్వరగా పని జరుగుతుందో సూరత్ చూపింది. 1994 సెప్టెంబరులో, వరద మురికి ఇంకా ఎండకముందే, అక్కడ న్యుమోనిక్ ప్లేగు వార్త పుట్టింది. లక్షల మంది రైళ్లు, బస్సులు పట్టుకుని ఊరు వదిలారు. దేశం మొత్తం మీద 50 మందికి పైగా చనిపోయారు. 1995లో సూర్యదేవర రామచంద్రరావు (ఎస్.ఆర్. రావు) అక్కడ మునిసిపల్ కమిషనరుగా వచ్చారు.

ఆయన నగరాన్ని ఆరు జోన్లుగా విడదీసి, ఒక్కో జోన్ అధికారికి డబ్బు ఖర్చుపెట్టే అధికారం, జవాబుదారీతనం రెండూ ఇచ్చారు. పొద్దున పూట అధికారులంతా వీధుల్లోనే ఉండాలి. ఏసీ గదుల్లోంచి రోజువారీ పనుల్లోకి రావాలన్న అర్థంలో ‘ఏసీ టు డీసీ’ అని ఆ పద్ధతికి పేరు. రోడ్లు ఊడ్చాక మళ్లీ రాత్రిపూట ఊడ్చారు. పరిశుభ్రత లేని హోటళ్లకు జరిమానా పడింది. పలుకుబడి ఉన్నవారి అక్రమ కట్టడాలు ముందు కూలాయి, అందుకే మిగతావారు నోరెత్తలేదు. మురికివాడలకు కాలువలు, మరుగుదొడ్లు, నల్లాలు వచ్చాయి. ఏ పేటలో ఎన్ని జ్వరాలు, ఎన్ని విరేచనాలు అన్న లెక్క రోజూ పైకి చేరేది. ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. ఊడ్చిన వీధిని కంటితో చూడవచ్చు, తగ్గిన జబ్బును లెక్కతోనే చూడాలి. రెండేళ్లలోపే సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల్లో చండీగఢ్ తర్వాతి స్థానంలో నిలిచిందని వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ పరిశీలన చెప్పింది. కమిషనర్లు మారినా ఆ రోజువారీ లెక్క అలవాటుగా నిలిచింది.

చదువులు, ఉద్యోగాలు

ఇంటర్మీడియెట్ తర్వాత శానిటరీ ఇన్‌స్పెక్టర్ డిప్లొమా ఈ రంగంలోకి పాత దారి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన వార్డు సచివాలయాల్లో పారిశుధ్య, పర్యావరణ కార్యదర్శి అన్న పోస్టు పుట్టింది. పర్యావరణం అన్న మాట వార్డు స్థాయి ఉద్యోగం పేరులోకి రావడం విశేషమే. సివిల్, కెమికల్, ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్లు కాలుష్య నియంత్రణ మండళ్లలో చేరతారు. 1974 నాటి నీటి చట్టం, 1981 నాటి గాలి చట్టం, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం వారి చేతిలోని ఆయుధాలు. ఎంబీబీఎస్ చదివినవారికి మునిసిపల్ ఆరోగ్యాధికారి పదవితో పాటు, కార్ఖానా వైద్యం కోసం ఏఎఫ్‌ఐహెచ్ అనే మూడు నెలల శిక్షణ ఉంది. పలు రకాల డిగ్రీలు చేసినవారు ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) చదవవచ్చు. హైదరాబాదులో హెచ్‌సీయూ, ఐఐపీహెచ్ వంటి చోట్ల అవకాశం ఉంది. కోల్‌కతాలోని అఖిల భారత పరిశుభ్రతా, ప్రజారోగ్య సంస్థ 1932 నుంచీ పాఠాలు చెబుతోంది. పరిశోధనకు అహ్మదాబాదులో వృత్తి ఆరోగ్య సంస్థ, భోపాల్‌లో పర్యావరణ ఆరోగ్య సంస్థ ఉన్నాయి. విషవాయువు దుర్ఘటన జరిగిన భోపాల్‌లోనే ఎందుకో చెప్పనక్కర్లేదు. ఎంపీహెచ్ కోసం అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులు అక్కడ కౌంటీ ఆరోగ్య శాఖల్లో పనిచేయాలంటే చాలాచోట్ల రిజిస్టర్డ్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ స్పెషలిస్ట్ పరీక్ష గట్టెక్కాలి.

గోడ లోపల, నేల కింద

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు. ట్యాంకులో వేడి పెరగకుండా, స్టైరీన్ గట్టిపడకుండా చూసే రసాయనం తగినంత లేదని, వేడిని అన్ని ఎత్తుల్లోనూ కొలిచే ఏర్పాటు లేదని, ఊరిని లేపే సైరన్ మోగలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. కార్ఖానా లోపల భద్రతా నిపుణుడి పని సరిగ్గా ఇవే. ఆ ఉద్యోగం, అప్పుడున్నట్టు కోవిడ్ లాక్‌డౌన్ ఉన్న రోజున కూడా ఆగకూడదు.

నేల కింది పనికి నాయకత్వం పని చేసినవారి ఇళ్లలోంచే వచ్చింది. కోలారు బంగారు గనుల ఊళ్లో పాకీపని చేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిలబెట్టారు. ఆంధ్ర క్యాడర్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ పదవీ విరమణ తర్వాత ఆయనకు తోడుగా నిలిచారు. సంఘం వేసిన కేసులో 2014లో సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు గుంటల్లో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల చొప్పున ఇవ్వాలంది. 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. 2016లో విల్సన్‌కు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. మ్యాన్‌హోల్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు మించితే ఒకటి రెండు ఊపిరుల్లోనే మనిషిని పడగొడుతుంది. కాలువలోకి దిగి ఊరి ఆరోగ్యాన్ని కాపాడేవాడి ఆరోగ్యాన్ని లెక్కలో కలపని పారిశుధ్యాన్ని ప్రజారోగ్యం అనలేం.

ఉద్దానం

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస మండలాలను కలిపి ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడి తోటల సీమ. అక్కడ మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. నీటిలోని సిలికా, పురుగుమందులు, భారలోహాలు, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు ఇంకిపోవడం, వంశపారంపర్యం ఇలా చాలా అనుమానాలను పరిశోధకులు పరీక్షించారు, ఇంకా పరీక్షిస్తున్నారు. ఏ ఒక్కటీ కారణమని రుజువు కాలేదు. అయినా 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని శుద్ధి చేసి ఆ పల్లెలకు పంపే 700 కోట్ల రూపాయల పథకాన్ని కూడా అదే రోజున ప్రారంభించారు. నెల్లూరు మెట్టలో కారణం ముందు తెలిసింది, నీరు తర్వాతెప్పుడో వచ్చింది. ఉద్దానంలో నీరు ముందు వచ్చింది. ఆరోగ్య కార్యకర్తలు ఊరూరా రక్తనమూనాలు తీసి క్రియాటినిన్ చూసి రాసుకుంటున్నారు. కొత్త నీరు తాగి పెరిగే పిల్లల లెక్కలు ఆ పుస్తకాల్లోకి చేరవలసి ఉంది.